బల్ల గుడ్డ మీద మచ్చ

మా అమ్మను పూడ్చిన రోజు పాస్టరు ఆమె గురించి చాలా మంచి మాటలు చెప్పాడు. అందులో ఒకటి అబద్ధం. ఆయన తెలియక చెప్పాడు. చిన్నవాడు, మా ఊరి సంఘానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. "ఈ తల్లి తన జీవితంలో ఎన్నడూ గొంతెత్తి మాట్లాడలేదు. ఓర్పుకు మాదిరి" అన్నాడు. చాపల మీద కూచున్న ఆడవాళ్ళు తలలు ఊపారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఒకనాడు మా లైనులో తలుపుల దగ్గర నిలబడి మా అమ్మ అరుపు విన్నవాళ్ళే. వాళ్ళూ ఊపారు.

శవం పక్కన వాదించడం నాకు చేతకాదు.

కొన్నాళ్ళకు తమ్ముడు సమాధి రాయి సంగతి ఎత్తాడు. బంగారుపేట దారిలో రాళ్ళు చెక్కే ఒకాయన ఉన్నాడట. పేరు కింద ఒక మాట చెక్కించాలని సంఘం వాళ్ళు అంటున్నారట. ఆ మాట కూడా వాళ్ళే ఇచ్చారు: ఓర్పు గల తల్లి.

"బాగుండాది కదక్కా?" అన్నాడు.

"బాగలేదు."

"అందరూ అదే అంటా ఉండారే!"

"అందరూ అంటారు కాబట్టే బాగలేదు."

వాడికి అమ్మ అరిచిన ఆ గాలికాలం గుర్తు లేదు. అప్పటికి వాడు అవ్వ ఒడి దిగని పిల్లవాడు. నాకు గుర్తుంది. ఓర్పు అనే మాట మా అమ్మ పేరు పక్కన వినపడితే ఇన్నేళ్ళ తరువాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఇల్లు చాంపియన్ రీఫ్స్‌లో, బంగారు గని పనివాళ్ళ లైనులో ఉండేది. పొడుగాటి ఒకే గోడకు వరసగా అతికించిన ఇళ్ళు. ఒక గది, వెనక చిన్న వంటకొట్టం, పైన రేకులు. ఈ ఇంట్లో దగ్గితే పక్కింటివాళ్ళు నీళ్ళు తాగమని చెప్పేవాళ్ళు. గనులు అప్పటికే సర్కారు చేతికి వచ్చాయి. దొరల బంగళాల్లో మనవాళ్ళే చేరారని మా నాయన కొంచెం గర్వంగానే చెప్పేవాడు. లైనులో కొళాయి మాత్రం మారలేదు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వచ్చేది. బిందెలు వరసలో కూచునేవి, ఆడవాళ్ళు వాటి వెనక నిలబడేవాళ్ళు.

లైనుకు పడమటి పక్క సైనైడ్ గుట్ట ఉండేది. రాయి నుంచి బంగారం తీసుకున్నాక మిగిలిన పిండిని ఎన్నో ఏళ్ళుగా పోస్తూ వచ్చిన కుప్ప. ఆషాఢంలో పడమటి గాలి లేచిందంటే ఆ పిండి అంతా లేచి లైను మీదికి వచ్చేది. తమిళం వాళ్ళు ఆడిగాలి అనేవాళ్ళు, మేమూ అదే అనేవాళ్ళం. సంగటి కొరికితే పళ్ళ కింద కరకరమనేది. తడి జుట్టు ఆరేసరికి నెరిసినట్టు అయ్యేది. ఆడవాళ్ళు గోనెసంచులు తడిపి వాకిళ్ళకు కట్టేవాళ్ళు. అవి ఆరిపోతే మళ్ళీ తడపాలి. తడపడానికి నీళ్ళు కావాలి. తడిసిన గోనె వాసన, కిరసనాయిలు వాసన, నాయన పని బనీనుకు పట్టిన మందుగుండు వాసన కలిసి ఆ నెలంతా మా గదిలో ఉండేవి. మా అమ్మ తుడిచిన ట్రంకుపెట్టె మీద కాసేపటికే మళ్ళీ దుమ్ము పేరుకునేది. నేను దాని మీద వేలితో అవ్వ బొమ్మ గీసేదాన్ని, బుగ్గలో పొగాకు ఉండతో సహా.

అవ్వ అంటే మా నాయన తల్లి. ప్రార్థన మొదలుపెడితే కూటమంతా ఏడ్చేది. ఆమె పొగాకు నములుతుందని సంఘానికి తెలియదు. ఉమ్మే డబ్బాను ఎవరూ చూడకముందే తీసుకుపోయి కడిగేది మా అమ్మ. కడిగినందుకు ఒక్క మంచి మాట విన్న గుర్తు నాకు లేదు. డబ్బా తిరిగి రావడం ఆలస్యమైతే మాత్రం "ఏమే, దాన్ని కడగను పోయినావా, చెయ్యను పోయినావా?" అనేది అవ్వ.

చిన్నాయన కూడా మాతోనే ఉండేవాడు. గనిలో పని దొరుకుతుందని పలమనేరు పక్క మా పల్లె నుంచి వచ్చాడు. పని దొరకలేదు, ఆయన పోలేదు. చెడ్డవాడు కాడు. మమ్మల్ని భుజాల మీద ఎక్కించుకొని మారికుప్పం స్టేషనుకు రైలు చూపించడానికి తీసుకుపోయేవాడు. ఇంట్లో మాత్రం తిన్న తట్టను పక్కకు జరిపేవాడు కాడు. చెడ్డవాడైతే మా అమ్మకు తిట్టే వీలన్నా ఉండేది.

మా నాయన షాఫ్ట్ లోపల, గని అడుగున పనిచేసేవాడు. ఇంటికి వచ్చాక ఎక్కువ మాట్లాడడు. అమ్మ ఏదైనా చెప్పబోతే, "ఓర్చుకోవల్ల. ఏం చేస్తాము ఇంగ" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఓర్పు గురించి మాకు పాఠం చెప్పే మనిషి వేరే ఉన్నాడు. సంఘపెద్ద. ఆఫీసులో గుమాస్తా. అప్పటి పాస్టరు నెలకొకసారి ప్రభు భోజనం ఇచ్చేదానికి వచ్చిపోయేవాడు. రొట్టె, ద్రాక్షరసం ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది పెద్దాయన చెప్పినట్టే జరిగేది. ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆయన ఆడవాళ్ళ కూటానికి వచ్చేవాడు. "పాలు పొంగి పొయ్యిలో పడతాయి. పిల్లోడు చెంబు దొర్లిస్తాడు. అత్త ఒక మాట అంటాది. అప్పుడు క్రైస్తవ ఇల్లాలు ఏం చెయ్యల్ల? కండ్లు మూసుకొని ప్రభువా అనుకోవల్ల. నోరు తెరవగూడదు" అనేవాడు. ఆయన ఇంటి లోపలే కొళాయి ఉంది. ఆడవాళ్ళు వాకిలి పక్కనే కూచునేవాళ్ళు. చివరి ప్రార్థనలో వీధి కొళాయి గురగురమని చప్పుడు చేసిందంటే ఆమెన్ దాకా ఆగకుండా లేచి పరుగెత్తేవాళ్ళు. ఒకసారి ఆయన పుస్తకాన్ని బల్ల మీద దబీమని కొట్టి, "ఓర్పు గురించి చెప్తా ఉంటే రొంచేపు కూచోలేరా మీరు?" అని అరిచాడు. అది కోపం కింద లెక్కకు రాలేదు.

సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ప్రభు భోజనం పెట్టే బల్ల మీద పరిచే తెల్లగుడ్డను ఆడవాళ్ళు వంతులేసుకొని ఉతికేవాళ్ళు. పొడుగాటి గుడ్డ, అంచుకు చేత్తో అల్లిన లేసు. గుడ్డ ఎవరి ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో ఆ వారం గలాటా ఉండకూడదు. ఎవరితోనూ మాట తేడా రాకూడదు. వస్తే ఆ నెల బల్ల దగ్గరకు రాకూడదు. పిల్లలం మేము కూడా ఆ వారం గొంతు తగ్గించి ఆడుకునేవాళ్ళం.

ఆడిగాలి నెలలో వంతు వచ్చినవాళ్ళకు ఎందుకో జ్వరాలు వచ్చేవి. పుట్టింట్లో ఏదో పని పడేది. అప్పుడు పెద్దాయన భార్య మా వాకిట్లోకి వచ్చి, "నీకైతే ఓర్పు ఉండాదమ్మా" అనేది. గుడ్డ మా ఇంటికి వచ్చేది. ఆ మాటకు మా ఇంట్లో ఉన్న అర్థం అదే. ఎవరూ చెయ్యని పని ఆమె ఒళ్ళో వేయడానికి ముందు అనే మాట.

ఆ సంవత్సరమూ అట్లాగే వచ్చింది. శనివారం తెల్లవారుతూనే అమ్మ గుడ్డ ఉతికి, నీలిమందు పెట్టి, వెనక తీగ మీద వేసింది. గాలి ఎప్పుడూ ఎండెక్కాక లేస్తుంది. ఆ రోజు తొందరగా లేచింది. ఆమె పరుగెత్తేలోపల గుడ్డ గోనె రంగుకు తిరిగింది. ఇంట్లో నీళ్ళు అయిపోయాయి. పక్కింటి తమిళ అక్క తన బిందె ఎత్తి ఇచ్చింది. "తీసుకోమ్మా, మీ సామి గుడ్డకు కదా. మా ఆయన ఈ పొద్దు స్నానం చెయ్యకపోతే చావడు" అంది. అమ్మ రెండోసారి ఉతికి, గంజి పెట్టి, ఈసారి గది లోపలే ఈ గోడకు ఆ గోడకు రెండు తాళ్ళు కట్టి, వాటి మీద పరిచి ఆరేసింది. వాకిలికి తడిగోనె. ఇంట్లో అందరం నడుములు వంచి ఆ గుడ్డ కింద నుంచి తిరిగాం. నాకు, తమ్ముడికి అది ఆటే. అవ్వకు తల తగిలినప్పుడల్లా, "ఇంగా బతికే ఉండానే, ఇప్పుడే గుడ్డ కప్పేస్తావా ఏమే?" అనేది.

"సాయంత్రందాకా అత్తా" అంది అమ్మ.

మధ్యాహ్నం చిన్నాయన తినడానికి కూచున్నాడు. ఊరగాయ జాడీని తనే దించుకున్నాడు. ఆ ఎండాకాలమే పెట్టిన మామిడికాయ ఊరగాయ. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా లైనులో ప్రతి ఇంటి అలమరకూ ముందు అడ్డంగా ఒక కట్టె కొట్టి ఉండేది. నేల అడుగున, చాలా లోతులో, తవ్విన చోట రాయి ఒక్కొక్కసారి బిగువు ఆగక పగులుతుంది. దాన్ని ఎయిర్ బ్లాస్టు అంటారు. పైన ఇళ్ళు ఊగుతాయి. కట్టె లేకపోతే గిన్నెలన్నీ నేలమీదే. లైనులో పుట్టిన పసిపిల్లలకు కూడా చేతిలో వస్తువు కట్టె లోపలికి పెట్టడం తెలుసు. చిన్నాయన పల్లె మనిషి. జాడీని కట్టె బయట, అలమర పైన ఉన్న రాగిపిండి డబ్బా మీద పెట్టేవాడు. ఆ పూట కూడా వడ్డించుకొని అక్కడే పెట్టాడు.

"జాడీ లోపలికి పెట్టప్పా" అంది అమ్మ. ఎన్నోసార్లు అన్న మాటే.

"పెడతాలే వదినా. ఏమవుతాది?"

ఆయన నోట్లో ముద్ద ఉండగానే నేల ఒకసారి దిగి లేచినట్టయింది. రేకులు గలగలమన్నాయి. జాడీ డబ్బా మీద నుంచి జారి, కింద బిగించి కట్టిన బల్ల గుడ్డ మీద పడి, గుడ్డ ఉయ్యాల లాగ వంగి, అక్కడి నుంచి నేలమీద పడి పగిలింది.

అమ్మ గుడ్డ వైపు చూడనే లేదు. గోనె తోసుకొని వాకిట్లోకి పరుగెత్తింది. మా నాయన ఆ పూట లోపల ఉన్నాడు. లైనంతా ఆడవాళ్ళు దుమ్ములో నిలబడి షాఫ్ట్ వైపు చూస్తున్నారు. ఆస్పత్రి బండి పోతుందా అని దారి చూస్తారు. నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. చాలాసేపటికి సైకిలు మీద ఒకాయన వచ్చి, "పాత తవ్వకాల పక్కనంట. ఎవురికీ ఏమీ లేదు" అని అరుస్తూ పోయాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి తిరిగారు. తమిళ అక్క ముక్కు చీది, "ఇంగ వంట చూసుకోవల్ల" అంది.

అమ్మ లోపలికి వచ్చింది. అప్పుడు చూసింది గుడ్డను. నడిమధ్యన ఎర్రటి నూనె, కారం, మామిడి ముక్కలు. కింద జాడీ పెంకులు. మా తమ్ముడు పెంకుల పక్కన కూచొని ఒక ముక్క చీకుతున్నాడు. అమ్మ వాణ్ణి ఎత్తి నోట్లో వేలు పెట్టి చూసి పక్కన దించింది.

అవ్వ నెత్తి కొట్టుకుంది. "ఏడాది ఊరగాయ పాయ కదే! ఇంట్లో అడ్డంగా గుడ్డ కట్టొద్దని నేను చెప్తానే ఉండాను."

చిన్నాయన లేవలేదు. తట్ట ముందరే ఉన్నాడు. "పోనీలే వదినా" అన్నాడు. "ఇంగా కొంచెం సంగటి ఉండాదా?"

మా అమ్మ అరిచింది. ఆమెకు అట్లాంటి గొంతు ఉందని నాకు తెలియదు.

"ఉండాది! సంగటి ఉండాది! ఈ ఇంట్లో అన్నీ ఉండాయి! పొద్దున్నించి రెండు తూర్లు ఉతికితి. ఊరోళ్ళ దగ్గిర నీళ్ళు అడుక్కుంటి. ఇప్పుడు ఆ దుమ్ములో నిలబడి వస్తి, నా మొగుడు ఉండాడో పోయినాడో తెలీక! మీరేం చేస్తా ఉండారు? ఒకరు ఊరగాయకు ఏడస్తా ఉండారు, ఒకరు సంగటి అడగతా ఉండారు! ఆయన యాడ ఉండాడు, ఏమాయె అని ఒగరన్నా అడిగితిరా? అత్తా, వాడు నువ్వు కన్న కొడుకే కదా! నీకు అన్నే కదప్పా! లేదా నేనొకదాన్నే కట్టుకొని వచ్చినానా ఈ భయమంతా?"

వంటకొట్టంలోకి పోయి సంగటి కుండ ఎత్తుకొచ్చి గోనె తప్పించి బయటికి విసిరేసింది. కుండ పగిలి, సంగటి గుండు దొర్లుకుంటూ పోయి దుమ్ములో నిలిచింది. లైనులో మళ్ళీ అందరూ తలుపుల దగ్గరకు వచ్చారు. తమిళ అక్క నెమ్మదిగా, "ఇప్పటికన్నా అంటివే తల్లీ" అంది.

నాకు భయం వేసింది. దానికంటే సంతోషం ఎక్కువ వేసింది.

పొద్దు దిగకముందే పెద్దాయన వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ ముందు చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఆయన చెంబు ఖాళీ చేసి తిరిగి ఇచ్చాడు.

"బల్ల గుడ్డ చేతిలో పెట్టుకొని గలాటానా అమ్మా? నీ నుంచి ఇది అనుకోలేదు. నిన్ను చూపించి నలుగురికి చెప్తా ఉంటి."

"జాడీ పడింది అయ్యా" అంది అమ్మ.

"జాడీ సంగతి కాదు నేను చెప్పేది. ఓర్పు సంగతి. రేపు సంఘం ముందర లేచి మీ అత్తను, మరిదిని క్షమాపణ అడుగు. అడిగితే బల్ల. లేదంటే లేదు."

నాయన పని నుంచి వచ్చాక సంగతంతా విన్నాడు. తన కోసం ఆమె వాకిట్లో నిలబడిన సంగతి ఎవరూ చెప్పలేదు, అమ్మ కూడా చెప్పలేదు. "ఒక మాట అనేసేయ్. నోటి మాటే కదా, ఏం పోతాది?" అన్నాడు.

"నోటి మాటే అయితే మీరే అనండి" అంది అమ్మ.

మా అమ్మకు ఆ బల్ల ఏమిటో చెప్పకపోతే ఇదంతా చిన్న తగువులాగ కనపడుతుంది. ఆమె చదువుకున్నది కాదు. నగా నట్రా లేవు. పుట్టింటివాళ్ళు ఎప్పుడో పోయారు. నెలకు ఒకసారి, ఆ రొట్టె ముక్క ఆమె చేతిలో పెట్టేటప్పుడు, ఆమెకు ఎవరో వడ్డించేవాళ్ళు. మిగతా రోజులన్నీ ఆమే వడ్డించేది. ఆ ముక్క నోట్లో పెట్టుకొని ఆమె కళ్ళు మూసుకుంటే మొహం వేరుగా ఉండేది. దాన్ని తీసేస్తామని బెదిరించారు, సంగటి అడిగినవాణ్ణి క్షమాపణ అడగలేదని.

ఆమె గుడ్డ మూడోసారి ఉతికింది. నిమ్మకాయ రుద్దింది, సోడా వేసింది. ఎరుపు పోయింది. అరచెయ్యంత పసుపు మచ్చ మిగిలింది.

ఆదివారం ఆ గుడ్డను ఆమే పరిచింది. పాటలు అయ్యాక పెద్దాయన లేచి, ఒక సహోదరికి సంఘంతో ఒక మాట చెప్పాలని ఉంది అన్నాడు. అమ్మ లేచి నిలబడింది. తలమీద కొంగు సర్దుకుంది.

"నాకు ఓర్పు లేదంట" అంది. "నిజమే. నా దగ్గిర ఉండేది అయిపోయింది. ఉప్పు అయిపోతే పక్కింట్లో అడగతాము, నీళ్ళు అయిపోతే అడగతాము. మీ ఇండ్లల్లో ఓర్పు ఉంటే తలా రొంత తెచ్చి ఇయ్యండి. పెద్దాయన ఇంట్లో ఎక్కువగా ఉంటాది. లోపలే కొళాయి ఉండాది కదా."

కూచుంది. ఆడవాళ్ళ వైపు ఎవరో నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్ళ వైపు మా నాయన తల వంచుకున్నాడు. పాస్టరు ఏమీ అర్థం కాక పెద్దాయన మొహం చూశాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

రొట్టె పళ్ళెం వచ్చింది. అవ్వ తీసుకుంది. పళ్ళెం అమ్మ ముందు ఆగకుండా పక్కకు పోయింది. మగవాళ్ళ వైపు చిన్నాయన తీసుకున్నాడు. పిల్లలకు ఇవ్వరు కనక నాకు చూడడం తప్ప పని లేదు. అమ్మ చేతులు ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి. సోడాకు పగిలిన వేళ్ళు. నాకు ఆ బల్లను తన్నాలనిపించింది.

ఆమె గుడికి పోవడం మానలేదు. మానేసి ఉంటే వాళ్ళకు సులువుగా ఉండేది. గాలికాలం పోయి వానలు వచ్చి అవి కూడా వెనకబట్టేదాకా, ప్రతి నెలా అదే చోట కూచుంది, పళ్ళెం ఆమెను దాటి పోయింది. ఇంట్లో పనులన్నీ చేసింది, అవ్వ డబ్బా కడిగింది, మాట మాత్రం తగ్గించింది. చిన్నాయన ఊరగాయ తీసుకుంటే కొత్త జాడీని కట్టె లోపలికి జరిపి పెట్టేవాడు. ఆ ఇంట్లో ఎవరైనా క్షమాపణ అడిగారంటే అది ఒక్కటే.

ఒక రోజు అవ్వ నన్ను తోడు తీసుకొని పెద్దాయన ఇంటికి పోయింది. ఆమెకు కంటిచూపు తగ్గింది. వాకిలి ముందర పొగాకు ఉమ్మేసి, ఆయన ఇంటి కొళాయి తిప్పి నోరు పుక్కిలించింది. ఇంటి లోపల తిప్పగానే వచ్చే నీళ్ళను నేను దగ్గరగా చూడడం అదే మొదలు.

"అయ్యా, నా కోడలు నా కాళ్ళు పట్టుకొనింది" అంది అవ్వ. "పొయ్యి ముందర. ఏడ్చింది. నేను క్షమించినాను."

నేను నోరు తెరిచాను. అవ్వ నా చెయ్యి గట్టిగా గిల్లింది. పెద్దాయన చాలా సంతోషించాడు. ప్రభువుకు స్తోత్రం అన్నాడు.

దారిలో అడిగాను. "అవ్వా, అమ్మ ఎప్పుడు పట్టుకొనింది?"

"నువ్వు నిద్రపోతా ఉంటివి."

"అబద్ధం."

"అవును. దేవునికి నేను చెప్పుకుంటాలే, నువ్వు నోరు మూసుకో." కొంత దూరం నడిచాక ఆగింది. "అది పక్కన వట్టి చేతులతో కూచుంటే నా గొంతులో రొట్టె దిగలేదు పాపా" అంది.

ఆ ఆదివారం పెద్దాయన లేచి అంతా చెప్పాడు. పొయ్యి, కాళ్ళు, కన్నీళ్ళు, తను కొన్ని చేర్చాడు కూడా. తగ్గించుకున్న కోడలు, ఓర్పుకు మాదిరి అన్నాడు. అమ్మ తల తిప్పి అవ్వను చూసింది. అవ్వ పైన రేకుల్ని చూస్తూ ఉంది. దవడ కదలడం లేదు. అమ్మ లేచి ఇది జరగలేదు అని ఒక్క మాట అంటే చాలు. సంఘమంతా ఏడ్చే ప్రార్థన చేసే ముసలామె బల్ల ముందరే అబద్ధాలకోరు అవుతుంది. అమ్మ మెడ మీద నరం లేవడం నేను చూశాను. పళ్ళెం వచ్చింది, ఈసారి ఆగింది. అమ్మ తీసుకుంది. ఆ రోజు కళ్ళు మూసుకోలేదు.

ఇంటికి వచ్చి ఒకే మాట అంది. "అత్తా, ఇంగొకసారి నా నోటితో నువ్వు మాట్లాడొద్దు."

"సరేలే" అంది అవ్వ.

ఆ తరువాత ఎయిర్ బ్లాస్టు వచ్చినప్పుడల్లా అవ్వ కూడా గోడ పట్టుకొని వాకిట్లోకి వచ్చి అమ్మ పక్కన నిలబడేది. చూపు ఆనదు కనక, "బండి పోతా ఉండాదా? పోతా ఉండాదా?" అని అడుగుతూ ఉండేది.

మా అమ్మ ఓర్పు కథ అట్లా పుట్టింది. ఒక ముసలామె అబద్ధం నుంచి. బుధవారం కూటాల్లో కొత్త కోడళ్ళకు అది చెప్పేవాళ్ళు. నా పెళ్ళిలో కూడా చెప్పారు, అమ్మ ఎదుటనే, నన్ను చూస్తూ. అత్తవారింట్లో నాకు ఏదైనా సరిపడక నోరు తెరిస్తే, "మీ అమ్మ ఎట్లాంటిది!" అనేవాళ్ళు. మా అమ్మ ఎట్లాంటిదో నాకు తెలుసు అని నేను అనలేకపోయాను. నిజం చెబితే అవ్వ పట్టుబడుతుంది. అవ్వ పోయాక చెబితే నమ్మేవాళ్ళు లేరు. ఓర్పు తప్పని నేను అనడం లేదు. నేనూ అదే వాక్యం చదువుతాను, ప్రార్థన చేస్తాను. అయితే ఓర్పు గురించి గొంతు చించుకొని చెప్పినవాళ్ళలో ఒక్కరు కూడా ఒక బిందె నీళ్ళు మోసి ఇవ్వలేదు. ఇచ్చింది తమిళ అక్క. ఆమెకు మా వాక్యం తెలియదు.

అమ్మకు గుడ్డ వంతు మళ్ళీ ఇచ్చారు. ఆడిగాలి నెలలో మళ్ళీ ఎవరెవరికో జ్వరాలు వచ్చాయి కాబట్టి. ఆమె ఉతికి, పరిచేటప్పుడు ఆ పసుపు మచ్చను పెద్దాయన నిలబడే వైపుకు తిప్పి పరిచేది. ఆయన దాని మీద పళ్ళెం పెట్టి కప్పేవాడు. మరుసటి సారి ఆమె మళ్ళీ అట్లాగే తిప్పేది. ఆయన పోయేదాకా ఇద్దరి మధ్య అది నడిచింది.

ఇప్పుడు గనులు లేవు. షాఫ్ట్ ఇనుపచట్రం నిలబడి ఉంది, కింద పని లేదు, ఇళ్ళు ఊగవు. మా లైనులో సగం తలుపులకు తాళాలు. ఆషాఢంలో గుట్ట మీద నుంచి దుమ్ము మాత్రం వస్తూనే ఉంది.

పోయిన వారం తమ్ముడు, నేను రాయి చెక్కే ఆయన దగ్గరకు పోయాం. నేను కాగితం మీద రాసి ఇచ్చాను. పేరు, ఊరు, కింద ఒక వరస: ప్రభు బల్ల గుడ్డ ఉతికింది.

ఆయన చదివి తల గోక్కున్నాడు. "ఇంతేనా అమ్మా? గుణం ఏమీ వెయ్యరా? అందరూ వేస్తారు."

"ఇంతే."

తమ్ముడికి కోపం వచ్చింది. సంఘం వాళ్ళకు ఏం చెప్పాలి అన్నాడు. అక్కడే, సగం చెక్కిన రాళ్ళ మధ్య ఒక బండ మీద కూచోబెట్టి వాడికి ఇదంతా చెప్పాను. మా ఇద్దరి బట్టలూ రాతిపిండితో తెల్లబడ్డాయి. సంగటి గుండు దొర్లిన చోట వాడు పగలబడి నవ్వాడు. పళ్ళెం దాటి పోయిన చోట నవ్వు ఆపాడు. చివరికి చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"అంత కోపంగా విసిరేసింది కదక్కా. మరి ఆ రాత్రికి మనకు సంగటి?"

"పెట్టింది. పెద్దాయన చెంబు తిరిగి ఇచ్చి పోయినాక, పక్కింట్లో ఇంగొక బిందె అడుక్కొచ్చి, ఎసరు పెట్టి, పిండి పోసి గెలికింది. అందరం తింటిమి. చిన్నాయన రెండో తూరి అడిగి పెట్టించుకున్నాడు."